మూడో గేరు

"బండికేం కాలె. నీ కాలే జర ఎక్కువ తొక్కుతున్నది" అన్నాడు మంగేశ్.

ఆ మాట వినపడ్డప్పుడు రూపాలి మగ్గాల షెడ్డును ఆనుకుని ఉన్న గదిలో కింద కూర్చుని, తువాళ్ళ అంచులకు వేలాడే దారాలు కత్తిరిస్తోంది. గోడకు అవతల పవర్‌లూమ్‌లు ఆడుతున్నాయి. ఆ చప్పుడులో మాట్లాడాలంటే ఎవరైనా గొంతు పెంచాల్సిందే, కానీ మంగేశ్ అలాంటి మాటలు ఎప్పుడూ గొంతు పెంచి అనడు. గుమ్మంలో నిలబడి, చెప్పులు తొడుక్కుంటూ, ఇంకేదో చెప్పబోయి గుర్తొచ్చినట్టుగా అంటాడు. అనేసి వెళ్ళిపోతాడు. జవాబు చెప్పాలంటే ఆమె కత్తెర పక్కన పెట్టి, ఒళ్ళో తువాళ్ళు దించి, లేచి వెనక వెళ్ళాలి. అంత పని ఏ జవాబుకూ అవసరం లేదని ఆమెకు చాలా ఏళ్ళ కిందటే అర్థమైంది.

ఆమె చెప్పింది చిన్న విషయమే. మధ్యాహ్నం పూట హోట్గి రోడ్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు కారు వేగం అందుకునే చోట ఇంజన్ ఒక్కసారిగా అరుస్తోంది. మీటర్లో ముల్లు పైకి లేస్తోంది, బండి మాత్రం ముందుకు పోవడం లేదు. రెండు మూడు క్షణాలు అలా ఊరికే తిరిగి, తర్వాత ఎవరో వెనక నుంచి తోసినట్టు ఎగిరి పట్టుకుంటోంది. పొద్దున బాగుంటుంది. వేడెక్కాకే ఈ గొడవ. మొదటిసారి చెప్పినప్పుడు పాత బండి అట్లనే ఉంటదన్నాడు. రెండోసారి చెప్పినప్పుడు, మర్నాడు పొద్దున్నే తాళం తీసుకుని గల్లీ చివరిదాకా ఒక చుట్టు తిరిగి వచ్చి, ఏం లేదన్నాడు. మూడోసారికి తప్పు ఆమె కాలిదైంది.

ఆ కారు పుణేలో ఎవరో రిటైరైన ఆఫీసరు దగ్గర కొన్నది. కొనేటప్పటికే లక్ష కిలోమీటర్లు దాటింది. ఇప్పుడు రెండు లక్షలకు దగ్గర పడింది. మంగేశ్‌కు మోటార్‌సైకిల్ మీంచి పడి ఎడమకాలి మడమలో రాడ్ వేశారు, క్లచ్ తొక్కలేడు. అందుకని గేర్లు మార్చే పనిలేని ఆటోమేటిక్ బండే కావాలని వెతికి వెతికి తెచ్చాడు. తెచ్చిన కొత్తలో నెల రోజులు ముచ్చటగా తిప్పాడు. కానీ సాలెవాళ్ళ గల్లీలు కార్ల కోసం వేసినవి కావు. నూలు దించే టెంపోలు, చద్దర్లు మోసే తోపుడు బండ్లు, గుమ్మాల ముందు చాటలు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు. రెండు వైపులా గీతలు పడ్డాక అతనికి మోజు తీరింది. "నువ్వు నేర్చుకో, నీకే పనికొస్తది" అన్నాడు. ఆమె నేర్చుకుంది. నిజంగానే పనికొచ్చింది, అందరికీ. అత్త యమునాబాయికి కంట్లో సూదులు వేయించడానికి హోట్గి రోడ్ ఆసుపత్రి, కూతురు ప్రణాలి క్లాసులు, వ్యాపారులకు చూపించే తువాళ్ళ నమూనాలు, స్టేషన్‌లో దిగే చుట్టాలు. అంతకుముందు ఈ పనుల్లో సగం మంగేశ్ స్కూటర్ మీద చేసేవాడు. ఆమెకు లైసెన్స్ వచ్చిన రోజు నుంచి అవన్నీ ఆమెవే అయ్యాయి. దారాలు కత్తిరించడం, మరకలున్న తువాళ్ళు ఏరడం, డజన్లు కట్టడం ఏవీ తగ్గలేదు. వాటి మీదికి ఇవి వచ్చి చేరాయి. పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు మాత్రం ఫంక్షన్ హాలు కనపడే మలుపు దగ్గర మంగేశ్ ఆపమనేవాడు. ఆమె దిగి పక్క సీట్లోకి మారేది. "నలుగురి ముంగట బాగుండది" అని ఒకసారి చెప్పాడు. తర్వాత చెప్పాల్సిన అవసరం రాలేదు.

అయినా ఆమెకు ఆ బండి ఇష్టం. ఇది ఎవరికీ చెప్పలేదు. ప్రణాలిని దింపి ఒంటరిగా తిరిగి వచ్చే ఆ కాసేపు అద్దాలు ఎత్తేస్తే మగ్గాల చప్పుడు లేదు, అత్త పిలుపు లేదు, పేరు పెట్టి అడిగేవాళ్ళు లేరు. ఆ కాసేపట్లో ఆమె ఏమీ ఆలోచించేది కాదు. బండి చప్పుడు వినేది, అంతే. అందుకే ఆ చప్పుడు మారినప్పుడు మొదట ఆమెకే తెలిసింది. అది కాలి తప్పు కాదని తెలుసు. కానీ తెలియడం వేరు, ఇంట్లో ఎవరి చేతైనా అవుననిపించడం వేరు.

అత్తకు సూది వేయించి తెస్తున్న ఒక మధ్యాహ్నం రైలు పట్టాల మీది వంతెన ఎక్కుతుండగా బండి పట్టు వదిలేసింది. ఇంజన్ గోల పెడుతోంది, చక్రాలు మందగిస్తున్నాయి. వెనక లారీ హారన్ మోగిస్తోంది. రూపాలి కాలు తీసి, గేరు కడ్డీని రెండులోకి లాగింది. బండి దబ్బున కుదిపి పట్టుకుంది, మెల్లగా పైకెక్కింది. ఒక కంటికి కట్టుతో పక్కన కూర్చున్న యమునాబాయి ముందుకు తూలి, డ్యాష్‌బోర్డ్ పట్టుకుని, ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కొడుకుతో మాట్లాడింది.

"పూల్ మీద నన్ను పడేసేదుండెరా ఇయ్యాల. కండ్లు కనపడనిదాన్ని. నాకు ఆటోనే మంచిగుండె."

మంగేశ్ తాళం చెవి అడిగి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇకమీదట బండి ముట్టొద్దన్నాడు. కోపంగా అనలేదు. షెడ్డులో పనివాడికి మగ్గం మార్చినట్టుగా అన్నాడు. రూపాలి సరేనంది. ఆ తర్వాత వారం ఆసుపత్రికి, క్లాసులకు, వ్యాపారుల దగ్గరికి ఆమే వెళ్ళింది, ఆటోల్లో, సిటీ బస్సుల్లో, నమూనాల సంచి భుజానికి తగిలించుకుని. బండి ముట్టొద్దన్నారు గానీ పనులు ముట్టొద్దని ఎవరూ అనలేదు. ఇది గమనించినప్పుడు ఆమెకు కోపం రాకపోవడం ఆమెకే వింతగా తోచింది. తప్పు నేసిన తువాలు చేతికొచ్చినప్పుడు కూడా ఆమె అంతే, ఎక్కడ తప్పిందో చూసి పక్కన పెడుతుంది.

మంగేశ్ తన స్నేహితుడు, మోటార్‌సైకిళ్ళ మిస్త్రీ దత్తాత్రిని పిలిపించాడు. అతను పొద్దున్నే వచ్చాడు. ఇంజన్ ఆపి ఉండగానే గేర్ ఆయిల్ కొలిచే పుల్ల లాగి, రూపాలి అందించిన పాత తువాలుతో తుడిచి, మళ్ళీ ముంచి చూసి, ఆయిల్ ఉందన్నాడు, అంతా బరోబర్ అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, వదిన వరస కలిపి నవ్వుతూ, "వహినీ, రెండు కాళ్ళు పెట్టి నడుపుతున్నరా ఏంది? బ్రేక్ మీదొకటి, రేస్ మీదొకటి?" అన్నాడు. మంగేశ్ కూడా నవ్వాడు. రూపాలి చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆ తువాలు ఉతకడానికి తీసినప్పుడు మరక చూసింది. ముదురు గోధుమరంగు. వాసన చూస్తే మాడిన వాసన. దారాలు కత్తిరిస్తూ ఫోన్ గోడకు ఆనించి, ఇలాంటి బండ్ల గురించి హిందీలో చెప్పే వీడియోలు ఆమె అప్పటికే చాలా చూసి ఉంది. మంచి ఆయిల్ ఎర్రగా ఉంటుందని, దాన్ని వేడి మీద, ఇంజన్ నడుస్తుండగా కొలవాలని విని ఉంది. రాత్రి భోజనం వడ్డిస్తూ ఆ మాట చెప్పింది. చల్లటి బండిలో కొలిస్తే తెలియదని కూడా చెప్పింది. మంగేశ్ చారు పోయమని గిన్నె ముందుకు జరిపి, "నువ్వెప్పుడు మిస్త్రీవయినవ్?" అన్నాడు. యమునాబాయి నవ్వింది. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

పదిహేను రోజులకు మంగేశ్ ఇద్దరు దోస్తులను ఎక్కించుకుని ఎండలో ఒక పెళ్ళికి వెళ్ళాడు. అదే వంతెన మీద బండి ఆగింది. దోస్తులు దిగి తోశారు. ఇంటికొస్తూనే చెమట తుడుచుకుంటూ తల్లితో అన్నాడు: "గేర్‌బాక్స్ పోయినట్టున్నది. నాకు ముందుకెల్లి అనుమానమే ఉండె." యమునాబాయి తన కొడుకు చిన్నప్పటి నుంచి మగ్గం చప్పుడు విని తప్పు చెప్పేవాడని, వాడి చెవి అటువంటిదని అంది. రూపాలి వింది. ఆమె నడిపినప్పుడు కాలి తప్పు, అతను నడిపినప్పుడు గేర్‌బాక్స్ తప్పు. బండి మాత్రం ఇద్దరికీ ఒకే రకంగా చెప్పింది.

ఈ రకం గేర్‌బాక్సులు మాత్రమే చూసే గంగాధర్ అనే ఆయన గ్యారేజ్ ఊరి చివర ఉంది. ఆ దారిలోనే తువాళ్ళ వ్యాపారికి నమూనా ఇవ్వాల్సి ఉంది కాబట్టి రూపాలి కూడా వెనక సీట్లో కూర్చుని వెళ్ళింది. వాళ్ళ వంతు వచ్చేసరికి బండి చల్లారిపోయింది. గంగాధర్ ప్రతి ప్రశ్నా మంగేశ్‌నే అడిగాడు. ఎప్పటి నుంచి జారుతోంది, ఏ గేరులో, వేడి మీదనా చల్లగా ఉన్నప్పుడా. మంగేశ్ మొన్ననే మొదలైందన్నాడు. ఏ గేరో తనకు తెలియదన్నాడు. గంగాధర్ తనే స్టీరింగ్ దగ్గర కూర్చుని, మంగేశ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద తిప్పాడు. బండి మెత్తగా నడిచింది.

"ఇంక వేడెక్కలె" అంది రూపాలి వెనక నుంచి. "ఇంకొంచెం దూరం తిప్పున్రి. రెండుకెల్లి మూడుకు పోయేటప్పుడు జారుతది."

గంగాధర్ వెనక్కి తిరిగి చూడలేదు, కానీ బండిని గ్యారేజ్ వైపు మళ్ళించకుండా ముందుకే పోనిచ్చాడు. చాలా దూరం పోయాక, ఒక ఎత్తు ఎక్కుతుండగా ముల్లు లేచింది, ఇంజన్ అరిచింది, బండి ఆలోచించుకుంటున్నట్టు నిలిచి, కుదిపి పట్టుకుంది. "రెండు, మూడు మధ్యల" అన్నాడు గంగాధర్ మంగేశ్‌తో, తానే కనిపెట్టినట్టుగా. మంగేశ్ తల ఊపాడు.

గ్యారేజ్‌కు తిరిగొచ్చాక ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ కొలిచాడు. కొలత సరిగ్గానే ఉంది, రంగు మాత్రం చాయ్ డికాక్షన్‌లా ఉంది. చిన్న మిషన్ వైరు తగిలించి బండి లోపలి కంప్యూటర్ ఏమంటోందో చదివాడు. గేరు పడినా చక్రం ఆ లెక్కకు తిరగడం లేదని అది రాసి పెట్టుకుందట. తర్వాత బండిని పైకెత్తి, గేర్‌బాక్స్‌కు ఒక మీటర్ బిగించి, ఆయిల్ ఒత్తిడి చూశాడు. చూస్తూ చూస్తూ మంగేశ్‌కు వివరించాడు. ఈ పెట్టెలో క్లచ్ లేదని కాదు, పలుచటి ప్లేట్లు చాలా ఉంటాయి. ఆయిల్ ఒత్తిడికి అవి ఒకదాన్నొకటి పట్టుకుంటేనే గేరు నిలుస్తుంది. జారుతోందంటే ఆయిల్ తక్కువైనా అయ్యుండాలి, ఒత్తిడి తక్కువైనా అయ్యుండాలి, ప్లేట్లైనా అరిగి ఉండాలి. ఆయిల్ తక్కువ లేదు. ఒత్తిడి బాగుంది. ఇక మిగిలింది ప్లేట్లే. రూఢి చేసుకోవడానికి అడుగున ఉన్న రేకు విప్పాడు. అందులో కాటుకలాంటి మెత్తటి నల్లపొడి, మధ్యలో మెరిసే ఇనుప రజను.

"మూడో గేరు ప్లేట్లు అరిగినయ్. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చిన్రు?"

మంగేశ్ మొన్ననే సర్వీసింగ్ చేయించానన్నాడు. అది ఇంజన్ ఆయిలని, గేర్ ఆయిల్ సంగతి అడుగుతున్నానని గంగాధర్ అన్నాడు. బరువులు ఎత్తుతారా అని కూడా అడిగాడు. ఎప్పుడూ ఎత్తలేదన్నాడు మంగేశ్.

"తువాళ్ళ మూటలు ఏస్తం" అంది రూపాలి. "డిక్కీల, ఎన్క సీట్ల, నిండ. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీస్ దాంక. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చలె."

మంగేశ్ ఆమె వైపు చూశాడు. గంగాధర్ నల్లపొడి అంటిన వేలు తుడుచుకుంటూ, పెట్టె విప్పి ప్లేట్లన్నీ మార్చాలని, ఉట్టి ఆయిల్ మారిస్తే లాభం లేదని, అరిగిపోయిన పెట్టెలో కొత్త ఆయిల్ పోస్తే ఒక్కోసారి ఇంకా తొందరగా పోతుందని చెప్పాడు. అంత ఖర్చు ఈ పాత బండికి దండగని మంగేశ్ దారిలోనే తేల్చేశాడు. అమ్మేద్దామన్నాడు. ఇంటికొచ్చాక, పూల్ మీద జరిగినదాంట్లో కోడలి తప్పు లేదని ఎవరూ యమునాబాయికి చెప్పలేదు. రూపాలి చెప్పుకోలేదు. తాళం చెవి కూడా అడగలేదు.

తాళం చెవి దానంతటదే ఆమె చేతికొచ్చింది. ఒక పొద్దున మంగేశ్ వంటింట్లోకి వచ్చి గట్టు మీద పెట్టాడు.

"ఒక పోరి వస్తున్నది బండి చూడనీకె. విడీ ఘర్కుల్‌ల, గా బీడీలు చుట్టేటోళ్ళ కాలనీల ఉంటది, హోట్గి రోడ్ దవాఖానల నర్సు. కొత్తగ నేర్చుకుంటున్నదట, ఆటోమేటిక్కే కావాలెనంట. నువ్వు నడిపి చూపియ్యి. యాడ ఎంత తొక్కాలెనో నీకు తెలుసు గద, నువ్వు నడిపితే జారినట్టే తెల్వది. సల్లగున్నప్పుడే పిలిచిన. పూల్ దిక్కు పోకు."

రూపాలి చపాతీ తిప్పింది. పెళ్ళైనప్పటి నుంచి తన చేతిపని గురించి అతని నోట విన్న మెప్పు ఏదైనా ఉందా అని వెతికితే, ఇదే మొదటిదిలా ఉంది. తన కాలు అంత మంచిదని ఇన్నాళ్ళకు ఒప్పుకున్నాడు. ఆమె ఏమీ అనలేదు. అనకపోవడాన్ని అతను ఒప్పుకోవడం కింద తీసుకున్నాడు, ఎప్పటిలాగే.

ఆ అమ్మాయి పేరు శ్వేత. నర్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మంగేశ్ ఆమెకు బండి తలుపులు తీసి చూపించాడు, ఏసీ వేసి చూపించాడు, ఒక్క చేతి మీద నడిచిన బండి అన్నాడు. ఆ చేయి తనదే అన్నట్టుగా అన్నాడు. అంతలో నూలు టెంపో వచ్చింది. దింపించుకోవడానికి అతను ఆగిపోవాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ రూపాలి వైపు ఒకసారి చూశాడు.

గల్లీ దాటి సమతలంగా ఉన్న రోడ్డెక్కాక బండి మెత్తగా నడిచింది. రెండు నుంచి మూడుకు మారే చోట రూపాలి కాలు వెంట్రుకవాసి తీసి, మళ్ళీ పెట్టింది. ఏమీ తెలియలేదు. ఎంత తేలికో ఇది, అనుకుంది. ఇలా కాలు తీసి పెట్టడం తనకు ఎంత బాగా వచ్చో. జారే చోటు ముందే తెలుసుకుని, ఎవరికీ కుదుపు తగలకుండా తనే తగ్గి, పెరిగి, ఇల్లు మెత్తగా నడుస్తోందని అందరూ అనుకునేలా చేసింది. అత్త కోపం వచ్చే చోటు, మొగుడి పరువు పోయే చోటు, అన్నీ ముందే తెలుసు. ఇప్పుడు అదే పని ఈ అమ్మాయి మీద చేయమంటున్నారు.

శ్వేత సీట్ల వైపు, అద్దాల వైపు చూడటం లేదు. రూపాలి కాళ్ళ వైపు, చేతుల వైపు చూస్తోంది.

"అక్కా, రోజు నడిపేది మీరేనా?"

"ఔ."

"సీటు చూస్తే గట్లనే అనిపించింది. ముంగటికి జరిపి ఉన్నది." కళ్ళు నులుముకుంటూ అంది, "మా అమ్మ బీడీలు చుట్టి చుట్టి నడుం పోయింది, బస్సు ఎక్కలేదు. నాకేమో రాత్రి డ్యూటీలు. బండ్ల గురించి నాకేం తెల్వదు. మీ ఆయన్నే అన్నీ అడుగుమని మావోళ్ళు చెప్పిన్రు. నేను మిమ్మల్ని అడుగుత. ఎట్లుంటది అక్కా ఈ బండి?"

 ముందున్న మలుపు దగ్గర రూపాలి ఇంటివైపు తిప్పాలి. తిప్పలేదు. నేరుగా పోనిచ్చింది. బండి బాగా వేడెక్కే దాకా ఊరి అంచున పోనిచ్చి, వంతెన వైపు తిరిగింది.  బండిని రోడ్డుకు ఎడమ పక్కకు జరిపి, వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, ఎత్తు ఎక్కేటప్పుడు రూపాలి ఈసారి కాలు తీయలేదు.

"ముల్లు చూడు" అంది.

ఇంజన్ అరిచింది. ముల్లు లేచింది. బండి వంతెన నడుమ నీరసంగా నిలబడబోయింది. రూపాలి కడ్డీని రెండులోకి లాగింది. కుదుపుకు శ్వేత ముందుకు తూలి, నిలదొక్కుకుంది. వంతెన దిగాక రూపాలి బండి పక్కకు ఆపి, అన్నీ చెప్పింది. మూడో గేరు ప్లేట్లు అరిగాయని, గ్యారేజ్‌లో చూపించారని, పెట్టె విప్పి బాగు చేయించకుండా ఎవరు తీసుకున్నా ఇలాగే ఆగిపోతుందని. ఏ పాత ఆటోమేటిక్ బండి చూసినా మధ్యాహ్నం ఎండలో, బాగా తిప్పాక చూడమంది. ఆయిల్ రంగు చూడమంది, వాసన చూడమంది. రివర్స్ నుంచి ముందుకు వేసినప్పుడు ఆలస్యంగా దబ్బున కొడితే కొనొద్దంది. చెబుతున్నప్పుడు తనకు ఇంత తెలుసని ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. ఇదంతా ఇన్నాళ్ళూ ఒక్కరితోనైనా వరుసగా చెప్పుకోలేదు.

"రాత్రి డ్యూటీకెల్లి ఒక్కదానివే వస్తవ్ గద. ఇది వద్దు నీకు" అంది.

శ్వేతను బస్ స్టాప్‌లో దింపి ఇంటికొచ్చేసరికి టెంపో వెళ్ళిపోయింది. మంగేశ్ షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. పక్కన అరుగు మీద యమునాబాయి. ఖాళీ సీటు చూసి ఏమైందని అడిగాడు. తీసుకోనందని రూపాలి చెప్పింది. గేర్‌బాక్స్ సంగతి తనే చెప్పానంది. అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కూడా గొంతు పెంచలేదు.

"ఎందుకు చెప్పినవ్?"

"అడిగింది. ఈ బండి ఎట్లున్నదని నన్ను అడిగిన మొదటి మనిషి ఆమెనే."

యమునాబాయి తల తిప్పి కోడలి వైపు, తర్వాత కొడుకు వైపు చూసింది. ఏదో గుర్తుకొస్తున్నట్టు ఆమె చేయి మెల్లగా కంటి మీదికి వెళ్ళింది. "పూల్ మీద నాడు..." అని మొదలుపెట్టి, ఆపేసింది.

మంగేశ్ చెప్పులు తొడుక్కోసాగాడు. తొడుక్కుంటూనే, ఇంకేదో గుర్తొచ్చినట్టుగా అన్నాడు: "సరే తీయ్. ఎల్లుండి ఇంకో గిరాకీ వస్తడు. మగమనిషి, నిన్నేం అడగడు. నాతోనే మాట్లాడ్తడు."

రూపాలి ఈసారి లేచి వెనక వెళ్ళాల్సిన పని లేదు. అతని ఎదురుగానే నిలబడి ఉంది.

"అడగకున్నా చెప్త" అంది.